విచ్చుకునే ములికి

నా చిన్నప్పుడు మా కొండ మీద మగవాళ్ళ గొప్పతనం తేల్చేది ఆడవాళ్ళు. ఏటా విత్తనాలు చల్లే ముందు భూమి పండుగ వచ్చేది. మగవాళ్ళందరూ విల్లంబులు పట్టుకుని అడవిలోకి వేటకి పోయేవారు. వాళ్ళు తెచ్చిన జంతువు రక్తం కాస్త విత్తనాల్లో కలిపితే తప్ప పోడులో గింజ పడేది కాదు. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాణ్ణి మాత్రం ఊరి మొదట్లోనే ఆపి, నెత్తిన పేడనీళ్ళు కుమ్మరించి, పాట కట్టి మరీ తిట్టేవారు. మొగుడైనా, అన్నైనా, మావైనా మినహాయింపు లేదు. ఆ కట్టుబాటు దుబాయ్‌లో కూడా ఉంటే ఎంత బావుండునో అని ఈమధ్య నాకు తరచూ అనిపిస్తోంది.

నేను గిరిజన బాలికల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఇక్కడ దుబాయ్‌లో నర్సు. దాని పాపని చూసుకోవడానికి కరామాలోని వాళ్ళ ఫ్లాటుకి వచ్చాను. అల్లుడుగారు ఒక కంపెనీలో సిమెంటు సామాన్లు అమ్ముతారు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ సొంత అభిప్రాయం అనేది ఆయన ఒంటికి పడదు. వాళ్ళ ముదీర్, అంటే మేనేజరు, ఏమంటే అదే వేదం. ఎద్దు ఈనిందని ముదీర్ అంటే దూడని కట్టెయ్యడానికి తాడు వెతుకుతారు. ఆ ముదీర్ మన కాకినాడ వైపు మనిషే. కరోనా తగ్గాక ఆయనకి విలువిద్య మీద మోజు పుట్టింది. మర్నాటికి మా అల్లుడుగారికీ పుట్టింది.

అల్ ఖూజ్‌లో గోదాముల మధ్య ఒక పెద్ద రేకుల షెడ్డు ఉంది. లోపల ఏసీ. శనివారం శనివారం వీళ్ళిద్దరూ అక్కడికి పోయి, జింక బొమ్మ వేసిన స్పాంజి దిమ్మని బాణాలతో కొట్టి వస్తారు. ఒకసారి పాపతో పాటు నన్నూ తీసుకెళ్ళారు. ఆ విల్లుకి చక్రాలున్నాయి, దుర్భిణి ఉంది, దాన్ని పెట్టుకోవడానికి పరుపులాంటి పెట్టె ఉంది. లేనిదల్లా లాగేవాడి చేతిలో బలం. నాలుగు బాణాలు వేసేసరికి మా అల్లుడుగారు భుజం పట్టుకుని కూర్చుని కాఫీ తెప్పించుకున్నారు. వీళ్ళు ఆఫ్రికాకి పోయి, డబ్బు కట్టి, అక్కడెవరో కంచె వేసి పెంచుతున్న జంతువుల్ని వేటాడతారట. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కడం అంటే ఏమిటో నేను కళ్ళారా చూశాను.

అసలు వేడుక ఆ తర్వాత మొదలైంది. బాణానికి ఏ ములికి పెట్టాలన్నది వీళ్ళ సమస్య. ఫిక్స్‌డ్ అంటే రేకులు కదలకుండా ఉండే మామూలు ములికి. మెకానికల్ అంటే గాల్లో పోతున్నప్పుడు ముడుచుకుని ఉండి, తగలగానే విచ్చుకునేది. మొదటిది నమ్మకమైనదే కానీ గాలికి పక్కకి లాగుతుందని ఒక వాదన. రెండోది సూటిగా పోయి పెద్ద గాయం చేస్తుంది కానీ, విచ్చుకోకపోతే పని చెడుతుందని ఇంకో వాదన. మా హాలులో కూర్చుని, నేను వేసిన గారెలు తింటూ, వారాల తరబడి ఇదే గోల. ఇద్దరిలో ఒక్కడు కూడా ఒక్క కోడిని కోసి ఎరగడు. మాంసం ప్లాస్టిక్ పళ్ళెంలో పుడుతుందని వాళ్ళ నమ్మకం.

మా అమ్మాయి చెప్పినట్టుంది, ఒక రోజు అల్లుడుగారు నన్ను అడిగారు. మీది కొండ కమ్మర ఇల్లట కదా అత్తయ్యా, మీ తాతగారు ఏ రకం చేసేవారు అని. నేను పాపని ఒళ్ళోంచి దించి నోరు తెరిచేలోపు ఫోను మోగింది. ముదీర్. రెండు నిమిషాలు ‘యల్లా సార్, అలాగే సార్’ అని, ఫోను పెట్టేసి, ‘మెకానికలే అత్తయ్యా, ఖలాస్’ అన్నారు. నా జవాబు నా దగ్గరే ఉండిపోయింది. ఆయనకి అక్కర్లేని ఆ జవాబే ఇది.

మా తాతయ్య, అంటే మా అమ్మ తండ్రి, కొలిమి పెట్టుకుని చుట్టుపక్కల పల్లెలకి కత్తులు, గొడ్డళ్ళు, బాణాల ములుకులు చేసిపెట్టేవాడు. ఆయన ములికి ఆకు ఆకారంలో, దిట్టంగా, ఏ హంగూ లేకుండా ఉండేది. ఆయన కొడుకు, మా చిన్నమావయ్య, రాజమండ్రిలో గొడుగులు బాగుచేసే కొట్లో కొన్నాళ్ళు పనిచేసి తిరిగొచ్చాడు. వచ్చినవాడు ఊరకే రాలేదు, తలదువ్వుకునే దువ్వెన ఒకటీ, తండ్రి చేసే ప్రతి పనికీ పెదవి విరవడం ఒకటీ వెంట తెచ్చుకున్నాడు. ఇంకా ఈ మొద్దు ములుకులేనా అనేవాడు. గాలి వీస్తే ఇవి ఇంటి దారి పడతాయని పదిమందిలో అని నవ్వించేవాడు. తాతయ్య తిత్తి ఊదుకుంటూ ఉండేవాడు.

ఆ ఏడు పండుగకి ముందు మావయ్య ఒక కొత్త ములికి చేశాడు. రెండు సన్నటి రేకుల్ని వెనక్కి మడిచి, మధ్యలో గొడుగు స్ప్రింగు పెట్టి, పైన దారంతో కట్టాడు. తగలగానే దారం తెగుతుంది, స్ప్రింగు రేకుల్ని బయటికి తన్నుతుంది. అరటిబోదె మీద వేసి చూపించాడు. బోదె చీల్చి చూస్తే లోపల రేకులు రెండూ విచ్చుకుని ఉన్నాయి. ఊరంతా ముక్కున వేలేసుకుంది. అందరికన్నా ఎక్కువ సంతోషించింది పక్కింటి అక్క. పంటలయ్యాక మావయ్యకి ఆమెని ఇవ్వాలని మాట అనుకున్నారు. పెళ్ళికొడుకు ఒంటి మీద పేడనీళ్ళు పడితే ఆమెకి ఏడాదంతా తలవంపులే. ఆ బెంగ తీరిందని నాతో చెప్పి ఎంత మురిసిపోయిందో.

మగవాళ్ళు వేటకి వెళ్ళారు. రెండో రోజు పొద్దువాలుతుండగా తిరిగొచ్చారు. ఎవరో కొట్టిన దుప్పి ఒకటి కర్రకి వేలాడుతోంది కాబట్టి విత్తనాలకి లోటు లేదు. ఇక ఎవరెవరికి తగిలిందో, ఎవరికి తగల్లేదో చూడడం మొదలైంది. మా కట్టుబాటులో ఒక వెసులుబాటు ఉండేది. జంతువు పడకపోయినా, ములికికి రక్తం అంటితే వాడికి పేడనీళ్ళు లేవు. మావయ్య అందరికన్నా ముందొచ్చి, రక్తం అంటిన బాణం ఎత్తి చూపించాడు. అడవిపందికి తగిలిందట. కాకపోతే అది సమయానికి పక్కకి తిరగడంతో భుజం మీద ఏటవాలుగా తగిలి, ఒక రేకే విచ్చుకుని, చీల్చుకుంటూ జారి కిందపడిందట. ఆ తప్పు పందిదే గానీ ములికిది కాదని రెండుసార్లు చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళని చూశాను గానీ, మద్దెలకి దణ్ణం పెట్టి చూసేవాళ్ళని తిట్టేవాణ్ణి అప్పుడే చూశాను. ఏమైతేనేం, బట్టలు తడవకుండా లోపలికి వచ్చేశాడు.

తాతయ్య మాత్రం రాలేదు. గొడ్డలి ఎక్కడో మర్చిపోయాను, వెతుక్కొస్తానని వెనకే ఆగిపోయాడని మిగతావాళ్ళు చెప్పారు. ముసలాడికి మతిమరుపు వచ్చిందని మావయ్యే అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆ రాత్రి తాతయ్య రాలేదు. మర్నాడు అమ్మమ్మ పొద్దున్నుంచీ వాకిట్లోనే కూర్చుంది. చివరికి మధ్యాహ్నం దాటాక, వెదురుపొదల పక్కనుంచి కుంటుకుంటూ వచ్చాడు. చేతిలో వేట లేదు. ఆడవాళ్ళు పొదిలోంచి బాణాలు లాగి చూశారు. ఒక్క ములికికీ రక్తం లేదు.

ఊరి మొదట్లో నిలబెట్టారు. మా తాతయ్యని అలా నిలబెట్టడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. ఆయన తలపాగా తీసి నా చేతికిచ్చి, ఎండలో కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. మొదటి కడవ పక్కింటి అక్కే పోసింది. కాబోయే మామగారైనా సరే, కట్టుబాటు కట్టుబాటే. పాట అందుకున్నారు. కొలిమి చల్లారింది, ముసలి కమ్మరి చెయ్యి చల్లారింది అంటూ ఆశువుగా కట్టేశారు. మావయ్య అరుగు మీద నిలబడి, తల నున్నగా దువ్వుకుని, తండ్రి గడ్డం మీంచి కారుతున్న పేడని చూసి అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. ఇన్నేళ్ళయినా ఆ చప్పట్లు గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండో కడవ ఎత్తిన అక్క ఆగిపోయింది. పేడనీళ్ళకి తాతయ్య చేతుల మీది మట్టి కొట్టుకుపోయింది. మోచేతుల దాకా ఎండిన రక్తం. దానికి అంటుకుని గరుకైన నల్లటి వెంట్రుకలు. చేతులకి ఏమైంది మావా అని అడిగింది. ముళ్ళు గీరుకున్నాయమ్మా, అలవాటేగా, నువ్వు నీళ్ళు పొయ్యి అన్నాడాయన. ముళ్ళకి వెంట్రుకలు ఉండవని అక్కకి తెలుసు. కడవ చంకకి మార్చుకుని అరుగు వైపు తిరిగింది.

“నీ బాణం తగిలిన పంది ఏదీ?” అని అడిగింది.

పారిపోయిందని చెప్పానుగా అన్నాడు మావయ్య.

“దాని ఎనకాల ఎవరెళ్ళారు?”

పాట ఆగిపోయింది. అక్క అరుగెక్కి, దువ్విన ఆ తల మీద కడవంతా వంచేసింది. ఆ తర్వాత ఆడవాళ్ళు మళ్ళీ పాట ఎత్తుకున్నారు. ఈసారి పాటలో కమ్మరి లేడు, గొడుగు ఉంది.

సాయంత్రం వాగులో తాతయ్య వీపు రుద్దుతూ అడిగితే నాకు జరిగింది చెప్పాడు. ఆ పంది రాత్రంతా మూడు కాళ్ళ మీద నడిచిందట. నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ, చీకట్లో దాని మూలుగు వింటూ ఆయనా నడిచాడు. తెల్లవారి దొరికేసరికి రేచుకుక్కలు దాన్ని బతికుండగానే పీకుతున్నాయి. వాటిని తరిమి, బాణం అక్కర్లేకుండా కత్తితోనే దాని బాధ తీర్చాడు. తినడానికి పనికొచ్చేలా ఏమీ మిగల్లేదు. మావయ్య చేసిన ములికి పాడుదనీ, నీదే మంచిదనీ నేను కోపంగా అన్నాను. ఆయన నా వైపు తిరిగాడు.

“ములికి మంచిదేనే అమ్మీ. బాగా చేశాడు. నాదీ బోల్డుసార్లు వంకరగా తగిలింది. తగిలేక మాత్రం ఇంటికొచ్చీకూడదు, దాని ఎనకాలే పోవాల. ఆడొచ్చేశాడు. ఎవరో ఒకరు పోవాల కదా.”

అంతే చెప్పాడు. కొడుకుని ఒక్క మాట అనలేదు. అనాల్సిన అవసరం కూడా రాలేదు, ఆ పని అక్క చేసేసింది. వాళ్ళ పెళ్ళి అనుకున్నట్టే జరిగింది. ఆ తర్వాత మావయ్య ఎన్నో ఏళ్ళు వేటాడాడు. ఒక్కోసారి అందరూ వచ్చేసిన మర్నాడు గానీ వచ్చేవాడు కాదు. ఆలస్యం ఎందుకైందని ఎవరూ అడిగేవారు కాదు. సమయానికి పడిన పేడనీళ్ళు మనిషిని బాగుచేస్తాయని నా గట్టి నమ్మకం. నా హాస్టల్లో ఆ సౌకర్యం లేక నోటితోనే ఆ పని కానిచ్చాను.

పోయిన వారం అల్లుడుగారు ఆఫ్రికా నుంచి వచ్చారు. కొమ్ములున్న ఒక జంతువు మెడ పట్టుకుని ముదీర్ నవ్వుతున్న ఫోటో చూపించారు. ఈయన బాణం కూడా తగిలిందట. ములికి అద్భుతంగా విచ్చుకుందట, వీడియోలో స్పష్టంగా కనిపిస్తోందట. మరి మీ ఫోటో ఏదండీ అని మా అమ్మాయి అడిగితే, పొట్టలో తగిలి పొదల్లోకి పరుగెత్తింది, అప్పటికే పొద్దుపోతోంది, మర్నాడు ముదీర్‌కి సముద్రం చూసే ప్రోగ్రాం ఉంది అన్నారు. తగిలితే చంపినట్టే లెక్కట, దొరక్కపోయినా డబ్బు కట్టేశారట. ఇంకేం, ఖలాస్.

నేను అన్నం వడ్డిస్తున్నదాన్ని ఆగి, “దాని వెనక ఎవరు వెళ్ళారు అల్లుడుగారూ?” అని అడిగాను.

ఆయనకి నా ప్రశ్న అర్థం కాలేదు. అక్కడి పనివాళ్ళు చూసుకుని ఉంటారులెండి అత్తయ్యా అన్నారు. చూశారో లేదో ఆయన అడగలేదు. పోనీ అది ఏ జంతువో చెప్పమన్నాను. ఏదో పేరు చెప్పారు గానీ గుర్తు లేదన్నారు. పప్పులో ఇంకాస్త నెయ్యి వేయమన్నారు.

నెయ్యి వేశాను. పాప ఎదురుగా ఉంది కాబట్టి అంతకుమించి ఏమీ చెయ్యలేదు. కానీ మా తాతయ్య దగ్గర నేర్చుకున్నది ఈ వయసులో వదిలేయడం నాకు చేతకాదు. వారం రోజులుగా, పాపకి పాలు కాస్తున్నా, బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నా, పేరు కూడా తెలియని ఆ జంతువు వెనకే నడుస్తున్నాను. ఎవరో ఒకరు వెళ్ళాలి కదా.