ఏటి రాయి సాక్ష్యం

తొంభైల చివర్లో మా సంఘం మూసాపేటలో ఒక కిరాయి హాల్లో కూడుకునేది. ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే స్త్రీల జాబితా రాసే బాధ్యత నాది. వేరే ఊరి నుంచి వచ్చినవాళ్ళు, నీళ్ళలో మునిగి బాప్తిస్మం పొందినట్టు అక్కడి సంఘం నుంచి ఉత్తరం తేవాలి. లేకపోతే పేరు రాయకూడదు. మా అత్తయ్య మాతో ఉండడానికి వచ్చినప్పుడు ఆ నియమాన్ని ఆమెకూ వర్తింపజేశాను. ఉత్తరం మెల్లగా తెప్పిద్దాం అనుకున్నాను కానీ, జాబితాలో పేరు లేదని ఆమెకు చెప్పనే లేదు.

ఆ ఆదివారం ఆమె చెంగు తలమీదికి లాక్కుని, ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి ఉంచి రొట్టె కోసం చాపింది. సంఘ పెద్ద నా జాబితా చూసుకుని పళ్ళెంతో ఆమెను దాటి వెళ్ళిపోయాడు. ఆ చేతులు కాసేపు అలాగే ఉండి, తర్వాత చెంగు కిందికి పోయాయి.

ఇంటికొచ్చి బియ్యం ఏరుతూ ఒక్క మాటే అంది. "దేవునికి నేను ఎరుకే. నీ జాబితాకే ఎరుక లేను."

మళ్ళీ బల్ల రోజు నెలకు గాని రాదు. ఆలోగా ఉత్తరం తెచ్చి తీరాలనుకున్నాను. మాదాపూర్‌లో కొత్త ఆఫీసు భవనం కోసం బండరాళ్ళు పేలుస్తున్న చోట మా ఆయన పని. ఆయనకు సెలవు దొరకలేదు. అత్తయ్యా నేనూ ఇద్దరమే సంగారెడ్డి బస్సెక్కి, అక్కడినుంచి జీపులో ఆమె పుట్టిన ఊరు చేరాం.

మంజీర ఒడ్డున ఇరవై ఇళ్ళు, సగం కూలిన కోట గుమ్మం, వందేళ్ళు పైబడిన రాతి చర్చి, ఆ ఊరివాళ్ళ మాటలో గుడి. అంతే ఊరు. గుడి గంట కొట్టే ముసలాయన అత్తయ్యను చూడగానే "అక్కా" అంటూ ఎదురొచ్చాడు. నేను వచ్చిన పని చెప్పాను. పాత రిజిస్టర్లు చెదలు తినేశాయనీ, పట్నం నుంచి నెలకోసారి వచ్చే పాస్టరు కొత్తవాడనీ, ఆయనకు పాత సంగతులేవీ తెలియవనీ అన్నాడు.

"ఏదో ఒక రుజువు లేకుండా నేను వెనక్కి వెళ్ళనండి," అన్నాను.

"రుజువంటే కాయితమేనా అమ్మా? గా గోడ సూడు."

అక్కడి పద్ధతి అప్పుడు చెప్పాడు. ఏట్లో మునిగి లేచినవాళ్ళు ఏటి అడుగునుంచి ఒక రాయి తామే ఎత్తుకుని, మెట్లెక్కి, గుడి ప్రహరీలో సున్నంతో పొదగాలి. బైబిల్లో ఇశ్రాయేలీయులు యొర్దాను నది దాటినప్పుడు మోసుకొచ్చిన పన్నెండు రాళ్ళ గురించి ఆదివారపు బడి పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి ఎన్నేళ్ళుగానో చెబుతున్నాను. దాన్ని ఇలా చేసి చూపినవాళ్ళు ఉన్నారని నాకు తెలియదు.

అత్తయ్య అప్పటికే గోడ తడుముకుంటూ నడుస్తోంది. గుడి గుమ్మం దగ్గర, మోకాలి ఎత్తులో, తెల్ల చార ఉన్న నల్లరాయి మీద ఆమె చెయ్యి ఆగింది.

"గిదే," అంది.

"సిన్నది తెమ్మని పాస్టరయ్య ఎంత జెప్పినా ఇన్లే. గింత పెద్దది ఎత్తుకొని మెట్ల మీద పడ్డది. గప్పటికెల్లే మొండిది మీ అత్త," అన్నాడు ముసలాయన.

"నువ్వు తెచ్చిన గులకరాయి యాడున్నది? ఎతికితే దొరుకుతదా?" అంది అత్తయ్య.

నేను మెట్టు మీద కూర్చుని ఆయన చూసిందంతా నా నోటు పుస్తకంలో రాశాను. రాయి ఎక్కడుందో, ఎలా ఉందో కూడా రాశాను. పెన్ను సిరా ఆయన బొటనవేలికి రుద్ది ముద్ర వేయించాను.

బల్ల ఆదివారం ఆరాధనకు ముందే ఆ కాగితం సంఘ పెద్దకు ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివాడు.

"పాస్టరు సంతకం లేదు కదమ్మా."

"లేదండి. ఆ రాయిని నేను ముట్టుకుని చూశాను. మిమ్మల్నీ తీసుకెళ్తాను. ఇది చాలదంటే ఆమె పేరు రాయను. నా పేరు కూడా కొట్టేస్తాను."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత జాబితా నా చేతికిచ్చి, రాయమన్నాడు. నా పేరుకు పైన ఉన్న కాస్త చోటులో ఇరికించి రాశాను.

పళ్ళెం మా వరసకు వచ్చింది. అత్తయ్య ఈసారి చేతులు చాపలేదు. పళ్ళెం ఆమె ముందు ఆగింది. నేను మోచేత్తో పొడిచాను.

"ఆగు, జర," అని గొణిగి, రెండు అరచేతులూ చెంగుకు తుడుచుకుని, అప్పుడు చాపింది.