నేలకు అడుగున్నర ఎత్తులో కిటికీలు

మా అక్క కూర్చున్న గదిలో ఫ్యాను వేయరు. బీడీలు చుట్టే ఏ ఇంట్లోనూ వేయరు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. గాలి తగిలిందంటే తంబాకు లేస్తుంది, ఆకు ఎండి చుట్టేటప్పుడు పగులుతుంది. పగిలిన బీడీని కార్ఖానా వాళ్లు తీసుకోరు. చిన్నప్పుడు ఎండలకు తాళలేక స్విచ్చి వేశానంటే నా వీపు మోగేది. మా బాపు పోయాక అక్క చుట్టిన బీడీల మీదే నేను డిప్లొమా దాకా చదివాను.

ఇంత తెలిసిన నేనే ఆ పని చేశాను. ఇంకెవడైనా చేసుంటే వాడి ఏడుతరాలూ తిట్టేవాణ్ణి.

బోధన్‌లో మా బావ, ఆయన తమ్ముడు పక్కపక్కనే ఇళ్లు కట్టుకోవాలనుకున్నారు. చక్కెర ఫ్యాక్టరీ బందయ్యాక బావ ఆటో నడుపుతున్నాడు. ఆటో ఒకరోజు నడిస్తే రెండు రోజులు నిలబడుతుంది కాబట్టి ఇల్లు గడిచేది అక్క బీడీల మీదే. నిజామాబాద్‌లో నాకు చిన్న ఆఫీసుంది, ఇళ్ల ప్లాన్లు గీస్తాను. నన్ను కాదని ఇంకెవరి దగ్గరికి పోతారు?

ఇక్కడ అందరూ గోడకు గోడ ఆనించి కట్టి పైన స్లాబు పోస్తారు. ఏప్రిల్ వచ్చిందంటే లోపల మనుషులు ఉడికిపోతారు. నేను అన్నదమ్ములతో కొట్లాడి రెండిళ్ల మధ్య నాలుగడుగుల సందు వదిలించాను. రెండు గోడల నీడతో సందు చల్లగా ఉంటుంది. ఆ చల్లగాలి కిటికీల్లోంచి లోపలికి రావాలి, వేడిగాలి పైనున్న జాలీల్లోంచి బయటికి పోవాలి. అక్కా, ఆమె తోడికోడలూ నేల మీద కూర్చుని బీడీలు చుడతారు కదా, అందుకని కిటికీలు నేలకు అడుగున్నర ఎత్తులోనే పెట్టించాను. ఫ్యాను లేకున్నా కూర్చున్న మనిషికి గాలి తగలాలని నా ఆలోచన. "గింత కిందికా సారూ?" అని మేస్త్రీ నసిగాడు. నీకేం తెలుసు, చెప్పింది చెయ్యి అన్నాను.

ఫ్యాను గాలికి లేచే తంబాకు కిటికీ గాలికి లేవదా? ఆ ముక్క నా బుర్రకు తట్టలేదు. చదివేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

ఇళ్లు పూర్తయ్యాక ప్రతి ఆదివారం అక్కను చూడటానికి పోయేవాణ్ణి. గది చల్లగా ఉండేది. అక్క చాట మూలకు నెట్టి, గుడ్డ కప్పి, నాకు చాయ్ పెట్టేది. వారానికి ఒక్కరోజైనా నడుం వాలుస్తోంది, పోనీలే అనుకునేవాణ్ణి. ఒకసారి ఇంటి ప్లాను కోసం మోర్తాడ్ నుంచి వచ్చిన పసుపు రైతును వెంటబెట్టుకుపోయి, కిటికీ ముందు కూర్చోబెట్టి మరీ ఆ గాలి చూపించాను. ఆయన భేష్ అన్నాడు. నేను ఉబ్బిపోయాను. అక్క తలుపు దగ్గర నిలబడి ఔనన్నట్టు తలూపింది.

మూడో ఎండాకాలం, మే నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. "మీ అక్క పడిపోయింది. దవాఖానకు తెచ్చిన. దవాఖాన కార్డు ఇంట్ల మర్చిపోయిన, మా మరదలు దేవులాడుతున్నది, నువ్వు అది పట్టుకొని జల్ది రా." బస్సు దిగి పరుగున ఇంటికి పోయాను. గదిలో కాలు పెట్టి అక్కడే నిలబడిపోయాను. కిటికీల మీద యూరియా సంచులు పరిచి మేకులు కొట్టేశారు. జాలీల్లో పాత చీరలు కుక్కారు. గాలన్నది లేదు. నేల మీద చాట బోర్లా పడి ఉంది, తంబాకు ఘాటుకు ఊపిరాడక దగ్గొచ్చింది. తోడికోడలు ఏడుస్తూ సందూకులో కార్డు వెతుకుతోంది.

"ఇదేంది చెల్లె? గీ మేకులు ఎవరు కొట్టిండ్రు?"

"మేమే కొట్టుకున్నం అన్నా. మా ఇంట్ల గూడ గంతే. మొదటి ఎండకాలమే ఆకంత ఎండుడు, తంబాకంత కండ్లల్ల పడుడు. ఎన్ని బీడీలు తిప్పి పంపిన్రో. ఆదివారం పొద్దుగాల సంచులు పీకుతం, నువ్వు పోంగనే మళ్ల కొడుతం. నీకు జెప్పొద్దని అక్క ఒట్టేయించుకున్నది."

అక్క మీద కోపమొచ్చింది, ఈమె మీద కోపమొచ్చింది, ఆ మేకుల మీద కూడా వచ్చింది. నా మీద రావడానికి ఇంకొన్నాళ్లు పట్టింది. అది మాత్రం ఇప్పటికీ పోలేదు.

డాక్టర్లు వడదెబ్బ అన్నారు, బీపీ పెరిగి పక్షవాతం అన్నారు. ప్రాణం దక్కింది. మాట ముద్దముద్దగా వస్తుంది. కుడిచేతి వేళ్లకు మాత్రం పట్టు రాలేదు, గ్లాసు కూడా ఆగదు. ఎందుకు చెప్పలేదక్కా అని అడిగాను.

"ఎట్ల జెప్పాలె తమ్మీ? గంత సంబురపడితివి. నీ ముఖం సూస్తే జెప్పబుద్ధి కాకపాయె."

దానికన్నా చెప్పుతో కొట్టినా బాగుండేది.

ఇప్పుడు ఆ గదిలో సంచులు లేవు. నడి మేలో కూడా సందులోంచి గాలి వస్తుంది. నేను గీసిన గీత ఒక్కటీ తప్పు కాలేదు, అదే నాకు మంట. ఆ గాలిలో అక్క పొద్దంతా మంచం మీద ఊరికే పడుకుని ఉంటుంది. సందు అవతల తోడికోడలి ఇంటి కిటికీలకు సంచులు ఇంకా అలాగే ఉన్నాయి. వాటి వెనక ఆకు కత్తిరిస్తూ కత్తెర ఆడుతున్న చప్పుడు వినిపిస్తుంది.

మొన్న మేస్త్రీని తీసుకుని పోయాను. కనీసం ఆ ఇంట్లోనైనా కింది కిటికీలు ఇటుకతో పూడ్చి, పైన పెట్టిద్దామని. ఈసారి తప్పు జరగదని బావకు మాటిచ్చి, టేపు పట్టుకుని సందులోకి దిగాను. ఒక సంచి అంచు పట్టుకుని లాగుతున్నాను.

వెనకనుంచి, తన కిటికీ దగ్గర మంచం మీంచి అక్క పిలిచింది.

"తమ్మీ, దాని ఇల్లు ముట్టకు. దానికి ఇంకా చేతులు మంచిగున్నయి."