సాలూరు ఘాటీలో చల్లబడ్డ హీటరు, ఏడు కుండల నీళ్ళు

1968 డిసెంబరు 14, శనివారం. నాలుగింటికి లేచి వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టాను. పాలు కాచాను. మావారికి మూడు రోజులకు సరిపడా కందిపొడి కొట్టి సీసాలో పోశాను. పులిహోర కలిపి రెండు మూటలు కట్టాను. కోరాపుట్టులో ఉన్న ఆడపడుచు బాలింత కనుక కాయం, వెల్లుల్లి కారం వేరుగా సర్దాను. అత్తగారికి తలంటి జడ వేశాను. మొత్తం ఆరు పనులు. ఆరుంబావుకు ఏడో పని మిగిలింది, లారీ ఎక్కడం.

రాజాంలో మాది బెల్లం వ్యాపారం. మా లారీ వారానికోసారి బెల్లం దిమ్మలతో కోరాపుట్టు వెళ్ళి, అల్లం వేసుకుని వస్తుంది. మిలటరీ వాళ్ళు వేలం వేసినప్పుడు కొన్న పాత బండి. ఏ మంచుదేశం కోసం కట్టారో, కేబినులో కాళ్ళ దగ్గర ఒక హీటరు పెట్టె ఉంది. ఇంజనులో కాగిన నీళ్ళు రబ్బరు గొట్టంలో ఆ పెట్టెలోకి వచ్చి, వేడి ఇచ్చి, రెండో గొట్టంలో తిరిగి వెళ్ళిపోతాయి. రాజాంలో దానితో పని లేదు గాని, మార్గశిరంలో ఘాటీ ఎక్కేవాళ్ళకు అది పెద్ద సుఖం. అయితే ఆరు నెలలుగా ఈ బండి ఘాటీ ఎక్కినప్పుడల్లా పొగలు కక్కుతోంది. రెండుసార్లు ఇంజను విప్పించాం. ఆ బిల్లులన్నీ కూడి మావారికి చూపించింది నేనే. ఆయన ఆ మొత్తం చూసి, "అప్పన్న నీళ్ళు పోయకుండా తోలుతున్నాడు. ఈ ట్రిప్పు అయ్యాక తాళాలు ఇచ్చెయ్యమను" అన్నారు. అప్పన్న తొమ్మిదేళ్ళుగా మా డ్రైవరు. నలుగురు పిల్లల తండ్రి. నేను కూడిన లెక్కతో ఒక మనిషి పని పోతుంటే ఇంట్లో కూర్చోలేకపోయాను. మనవడిని చూడాలని అత్తగారు ఎలాగూ కోరాపుట్టు బయలుదేరారు. తోడు వెళ్తానని చెప్పి ఖర్చుల పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. క్లీనరు చెల్లెలి పెళ్ళికి వెళ్ళాడు కనుక ఆ పని కూడా నాకే వచ్చింది.

ఈ దారిన వెళ్ళదలచిన వారి కోసం చెబుతున్నాను. రాజాం నుంచి బొబ్బిలి, అక్కణ్ణుంచి రామభద్రపురం మీదుగా సాలూరు. బెల్లం బరువుతో మాకు రెండున్నర గంటలు పట్టింది. సాలూరులో లారీలు ఆగే హోటల్లో ఇడ్లీ వేడిగా ఉంటుంది. ముగ్గురికీ కాఫీతో కలిపి రూపాయీ పది పైసలు అయింది. బస్సులో వచ్చేవారు ఇక్కడే దిగి కోరాపుట్టు బస్సు అందుకోవాలి. ఘాటీలో ఏమీ దొరకదు, తినేవి ఇక్కడే కొనుక్కోవాలి. అప్పన్న నా కళ్ళ ముందే రేడియేటరు మూత తీసి నిండా నీళ్ళు పోశాడు. నేను టైము రాసుకున్నాను, తొమ్మిదీ అయిదు.

"రాసుకోండమ్మగారూ. మూతి దాకా పోసానని రాయండి. రేపు నేనబద్దమాడానని ఎవులూ అనకూడదు" అన్నాడు అప్పన్న. ఆ మాటలో నిష్ఠూరం ఉంది. నాకు తగిలింది.

ఘాటీ మొదలవగానే గాలి మారింది. రోడ్డు పాములా కొండ చుట్టూ తిరుగుతూ పైకి పోతుంది. కుడిచేతి వైపు లోయలో చోడి పైరు కోసేసిన మళ్ళు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చుంటే కొండ తప్ప ఏమీ కనబడదు కనుక కుడివైపు చూసుకుని కూర్చోండి. అత్తగారు కాళ్ళు హీటరు పెట్టె మీద ఆనించి శాలువా కప్పుకున్నారు.

"ఒసే వరాలూ, ఇదేటే, పెట్టెలోంచి సల్లగాలొస్తాది? నా కాళ్ళు కొయ్యబారిపోతన్నాయి" అన్నారు.

అప్పన్న ఎదురుగా ఉన్న, ఇంజను వేడి చూపే ముల్లు చూసి, "సల్లగేటి పెద్దమ్మా, ఇక్కడ ఇంజను మాడిపోతన్నాది!" అన్నాడు.

"మాడిపోతే ఆ మాడు నా కాళ్ళకి రావాల కదరా!"

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అప్పుడే మూత దగ్గర బుస్సుమని ఆవిరి లేచింది. అప్పన్న బండి ఓరగా ఆపాడు. నేను దిగి చక్రాల వెనక రాళ్ళు పెట్టాను. పది గంటలా పది నిమిషాలు. సాలూరులో నిండా పోసిన నీళ్ళకు గంటా అయిదు నిమిషాలకే ఈ గతి పట్టింది. నీళ్ళు పోయలేదన్న మాట అబద్ధమని నా పుస్తకంలోనే తేలింది. మరి తప్పు ఎక్కడుంది?

అక్కడ రోడ్డు పైన నాలుగు గడపల ఊరు. సోములమ్మ అనే ఆవిడ గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూస్తోంది. అప్పన్నకు ఆవిడ బాగా తెలుసు. ప్రతి వారం ఆవిడ దగ్గరే నీళ్ళు అడుగుతాడట.

"మళ్ళీ వచ్చిందేటి నీ దప్పిక బండి?" అంది ఆవిడ నవ్వుతూ. "మా గొడ్డు కూడా ఇన్ని తాగదు."

ఇంట్లో నింపుకున్న నాలుగు కుండలూ ఇచ్చేసింది. ఊట లోయలో ఉంది. ఇంకా కావాలంటే దిగి తేవాలి. నేనూ కుండ పట్టుకుని ఆవిడ వెంట దిగాను. ఎక్కేటప్పుడు మూడుసార్లు ఆగాను. ఆవిడ రెండు కుండలు మోస్తూ ఒక్కసారీ ఆగలేదు. డబ్బు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నీళ్ళకి డబ్బులేటప్పా? నీళ్ళు తీసుకున్నారు, ఎప్పుడైనా నీళ్ళే ఇయ్యండి."

ఏడు కుండలు. పుస్తకంలో రాసుకున్నాను.

ఇంజను చల్లారే వరకు అరగంట ఆగాలని అప్పన్న అన్నాడు. ఆ అరగంటలో నేను ఆలోచించాను. వంటింటి లెక్కలో చెబితే, పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, కంచంలో అన్నం చల్లగా ఉంది. అంటే మధ్యలో వడ్డించేవాళ్ళు లేరన్నమాట. పైకి లేపిన ఇంజను రేకు కింద చెయ్యి పెట్టి హీటరుకు వెళ్ళే గొట్టం ముట్టుకున్నాను. చెయ్యి చురుక్కుమంది. తిరిగి వచ్చే గొట్టం ముట్టుకున్నాను. చద్దికుండలా ఉంది. వేడినీళ్ళు పెట్టె గుమ్మం దాకా వస్తున్నాయి, లోపలికి పోవడం లేదు. తరువాత రేడియేటరు మీద తడిగుడ్డ పరిచాను. పైభాగంలో గుడ్డ వెంటనే ఆరింది. కింద ఎడమ మూలన తడి అలాగే ఉండిపోయింది. అక్కడా నీళ్ళు తిరగడం లేదు.

"అప్పన్నా, రెండింట్లోనూ ఏదో అడ్డం పడింది. అడుగు కుళాయి ఇప్పు" అన్నాను.

ముందు మామూలు నీళ్ళు వచ్చాయి. తరువాత పచ్చటి బురద, ముద్దలు ముద్దలుగా. ఆ వాసన నాకు కొత్త కాదు. నా వంటింటి వాసన.

అప్పన్న తల దించుకున్నాడు. రేడియేటరు అతుకు దగ్గర చిన్న చెమ్మ ఉందని, డ్రైవర్లందరూ చేసేదే కనుక పసుపు వేసి ఆపుతున్నానని చెప్పాడు. పసుపు వేడినీళ్ళలో ఉబ్బి ఆ చిల్లిని మూసేస్తుంది. అది నిజమే. కానీ చిల్లి దగ్గరే ఆగమంటే పసుపు ఆగుతుందా? సన్నటి గొట్టం కనబడిన చోటల్లా కూర్చుంది. అందరికంటే సన్నటి గొట్టాలు హీటరువి, అందుకే ముందు అది చల్లబడింది.

ఈ పసుపు ఇచ్చింది ఎవరు? పుస్తకం తిరగేశాను. జూను నుంచి ఎనిమిది సార్లు, 'అప్పన్నకు పసుపు, పావుకిలో' అని నా అక్షరాలే. రెండు కిలోలు. పక్కన ఇంకో మాట కూడా రాసుకున్నాను. 'మాటు ఖర్చు ఆదా.' అతుకుకు మాటు వేయిస్తే మూడు రూపాయలు అవుతుందని, ఇంట్లో పసుపుతో గడిపేస్తున్నానని మురిసిపోయి రాసుకుని, తరువాత మరిచే పోయిన మాట అది.

అత్తగారికి విషయం అర్థమయ్యేసరికి కొంచెం టైము పట్టింది. తరువాత శాలువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. "లారీకి పేరంటం సేసావేటే వరాలూ! పసుపిచ్చావు, బొట్టు కూడా ఎట్టి పంపకపోయావా!"

"తప్పు నాది కూడా అప్పన్నా. నీ మీద లెక్క కూడిందీ నేనే, ఆ లెక్క పెంచిందీ నేనే" అన్నాను.

"అదేటమ్మగారూ, అడిగింది నేను కదా. అయ్యగారితో సెప్పడానికి బయపడ్డాను" అన్నాడు. కళ్ళు తుడుచుకుని సోములమ్మ నీళ్ళు పోశాడు. నెమ్మదిగా, రెండుచోట్ల ఆగుతూ, సుంకి ఊరు దాటి సాయంత్రం అయిదింటికి కోరాపుట్టు చేరాం.

ఆదివారం ఆడపడుచు పెరట్లో పని మొదలుపెట్టాను. రాగి కాగులో నీళ్ళు మరగబెట్టి చాకలి సోడా కలిపాను. రాగి, ఇత్తడి గిన్నెల జిడ్డు దేనితో పోతుందో నాకు తెలుసు. రేడియేటరు గొట్టాలు కూడా ఆ జాతివే. ఆ నీళ్ళు పోసి అప్పన్న అరగంట ఇంజను నడిపాడు, చల్లార్చి వదిలాడు. మూడుసార్లు అలా చేశాం. హీటరుకు మాత్రం నీళ్ళు వచ్చే వైపు కాకుండా పోయే వైపు నుంచి ఎదురు పోయించాను. అడ్డం పడిన గరాటును అలాగే కదా కడుగుతాం. మొదట చుక్క రాలేదు. తరువాత పచ్చటి ముద్ద ఒకటి టప్పున పడింది. దాని వెనకే నీళ్ళు ధారగా వచ్చాయి. "ఒచ్చేసిందమ్మగారూ!" అని అప్పన్న వేసిన కేకకు లోపల పసివాడు లేచి ఏడ్చాడు. బజారులో బిందెలకు మాటు వేసే అతను వచ్చి అతుకు మూసి మూడున్నర తీసుకున్నాడు. అర్ధరూపాయి ఎక్కువే, అయినా బేరమాడలేదు.

సోమవారం ఉదయం ఏడింటికి అల్లం బస్తాలతో తిరుగు ప్రయాణం. గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టుంది. బయలుదేరే ముందు ఒక పెద్ద డ్రమ్ము శుభ్రంగా కడిగించి, మంచినీళ్ళు నింపి, అల్లం బస్తాల మధ్య కదలకుండా కట్టించాను. దారిలో పొట్టంగి దగ్గర ఎక్కుళ్ళున్నాయి. అక్కడ అప్పన్న చూపంతా వేడిముల్లు మీదే ఉంది. నా చూపు అత్తగారి కాళ్ళ మీద ఉంది. ఆవిడ ముందు శాలువా తీశారు. తరువాత కాళ్ళు పెట్టె మీంచి దించారు.

"ఒరే అప్పన్నా, ఆపరా ఆ పెట్టె! అరికాళ్ళు కాలిపోతన్నాయి!"

అంత ఇంపైన తిట్టు నేనెప్పుడూ వినలేదు. ముల్లు ఉండవలసిన చోటే ఉంది.

సోములమ్మ గుమ్మం ముందు బండి ఆగగానే ఆవిడ అలవాటుగా కుండ తెచ్చింది. "ఎన్ని కావాల?" అంది.

"ఒక్కటీ వద్దు. ఖాళీ కుండలు తే" అన్నాను.

అప్పన్న డ్రమ్ములోంచి నీళ్ళు తీసి వంచుతుంటే సోములమ్మ మొదట నమ్మలేదు, తరువాత ఇరుగుపొరుగును పిలిచింది. "సూడండే, దప్పిక బండి నీళ్ళు మోసుకొచ్చింది!" కొలత నేనే పట్టాను, ఆవిడ కుండతోనే.

మధ్యాహ్నం రెండున్నరకు రాజాం చేరాం. మావారి ముందు పుస్తకం తెరిచి, పసుపు పద్దులు ఎనిమిదీ, సాలూరులో నీళ్ళు పోసిన టైమూ చూపించాను. ఆయన చాలాసేపు చదివారు. అప్పన్న తాళాలు అరుగు మీద పెట్టి నిలబడి ఉన్నాడు. మావారు వాటిని తీసి అప్పన్న చేతిలోనే పెట్టి, "శనివారం ఎన్నింటికి బయలుదేరతావు?" అని అడిగారు.

ఇరవై ఆరేళ్ళుగా ఈ పుస్తకం రాస్తున్నాను. ఎంత ఖర్చయిందో చెప్పడమే దాని పని అనుకున్నాను. ఎందుకైందో చెప్పించాలంటే దాన్ని వంటింటి అలమరలోంచి తీసి ఘాటీ ఎక్కించాలని ఈ ప్రయాణంలో తెలిసింది. పెద్ద మేస్త్రీలు రెండుసార్లు విప్పి కనిపెట్టలేని జబ్బును ఒక తడిగుడ్డతో, అత్తగారి అరికాళ్ళతో పట్టుకున్నాను. ఈ మాట రాస్తూ సంతోషపడకపోతే అది దొంగవినయం. మీలో ఎవరైనా పాత బండిలో చలికాలం ఘాటీ ఎక్కబోతే, సాలూరులోనే ఇంజను ఆపించి హీటరు రెండు గొట్టాలూ ముట్టుకుని చూడండి. రెండూ వేడిగా ఉంటే వెళ్ళండి. ఒకటే వేడిగా ఉంటే ముందు కడిగించండి. పసుపు మాత్రం కూరలో వేసుకోండి.

ఆ సాయంత్రం పద్దులో చివరి పంక్తి: సోములమ్మకు నీళ్ళు, ఏడు కుండలు. ముట్టాయి. బాకీ లేదు.