ట్యాంకు అడుగున నీలి పువ్వు

మా కింది ఇంటి సారు పోయారని ఉదయం పూజలో ఉండగా తెలిసింది. రామంతాపూర్‌లో ఉండే ఆయన కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నాన్న నిద్రలోనే..." అని ఆగిపోయింది. నా చేతిలో హారతి పళ్ళెం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో, కర్పూరం ఎప్పుడు ఆరిపోయిందో గుర్తు లేదు. మెట్లు దిగి వచ్చి చూస్తే ఆయన తలుపుకు తాళం, కిటికీ ఊచకు ఆరేసిన తువ్వాలు. అంతకు కొద్దిరోజుల ముందు ఆయాసం ఎక్కువైతే కూతురు తన ఇంటికి తీసుకుపోయింది. వెళ్ళే తొందరలో తువ్వాలు మరిచిపోయినట్టున్నారు.

మావారికి ఫ్యాక్టరీలో పని దొరికి జనగామ వైపు నుంచి నాచారం వచ్చినప్పటి నుంచీ ఆయన ఇంట్లోనే, పై వాటాలో అద్దెకుంటున్నాం. సారుది కోస్తా వైపు. పంపులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత తనలాంటి పెద్దవాళ్ళు కొందరితో, ఉద్యోగాలు చేసుకునే కుర్ర ఇంజనీర్లు కొందరితో కలిసి ఆదివారాలు బస్తీలకు వెళ్ళేవారు. ఎక్కడ కుళాయి లేదో, ఎక్కడ ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదో చూసి, కొలతలు తీసుకుని, తమ చేతుల మీద కట్టించి వచ్చేవారు.

ఆయనకు దేవుడి మీద నమ్మకం లేదు. నాకు పూజ కాకుండా మంచినీళ్ళు దిగవు. అయినా మా మధ్య ఒక్కనాడూ మాట తేడా రాలేదు. ప్రసాదం పట్టుకెళ్తే, "కొబ్బరిముక్క పంపితే మీ దేవుణ్ణి నమ్మనమ్మా. పులిహోర పంపితే ఆలోచిస్తా" అనేవారు. శనివారాలు పులిహోరే పంపేదాన్ని. గిన్నె కడిగి, తుడిచి, తనే మెట్లెక్కి తెచ్చి ఇచ్చేవారు. నమ్మకం సంగతి మాత్రం తేల్చేవారు కాదు.

ఒక శనివారం గిన్నె ఇస్తూ, "రేపు నువ్వూ రావాలమ్మా" అన్నారు.

"నేనేం జేస్త సారూ అక్కడ? పది సదివినదాన్ని."

"నేనడిగితే ఆడవాళ్ళు నేల చూస్తూ 'అంతా మంచిగనే ఉన్నది సారూ' అంటారు. మంచిగా ఉంటే నేనెందుకు వెళ్ళడం? నువ్వు అడుగు."

"నా గొంతు పక్కనున్నోళ్ళకే ఇనబడదు."

"మరీ మంచిది. దగ్గరికొచ్చి వింటారు."

అలా ఆయన వెంట ఫ్యాక్టరీల వెనక ఉన్న ఒక బస్తీకి మొదటిసారి వెళ్ళాను. అక్కడ ఇళ్ళ ముందు నీలం డ్రమ్ములు. ట్యాంకరు వచ్చిన రోజు నింపుకుంటే మళ్ళీ వచ్చేదాకా అవే నీళ్ళు. పోచవ్వ అనే పెద్దావిడ తన మనవరాలిని చూపించింది. పిల్ల కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. "కామెర్లు బిడ్డా. దవాఖానాల నీళ్ళు మార్చుమన్నరు. యాడికెళ్ళి మార్చాలె?" అంది. నేను ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాను. కొంతసేపటికి ఆడవాళ్ళంతా నిజంగానే నా చుట్టూ దగ్గరగా చేరారు. వాళ్ళు చెప్పినదంతా ఇంటికి వచ్చి సారుకు చెప్పాను.

ఆ బస్తీ దాకా మునిసిపల్ నీళ్ళ లైను తెప్పించడానికి సారు ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కారో నాకు తెలుసు. తర్వాత బస్తీ మొగదల ఒక సిమెంటు ట్యాంకు కట్టించారు. మనిషి ఎత్తు కన్నా కొంచెం ఎక్కువ. పైన మనిషి దిగేంత మూత, పక్కన ఇనుప నిచ్చెన, ముందువైపు కుళాయిలు. ప్రారంభం రోజు పోచవ్వ ట్యాంకుకు పసుపు రాసింది, బొట్లు పెట్టింది. నేను గంగమ్మ మీద పాట పాడాను. సారు ఒక మూలన కుర్ర ఇంజనీర్లతో మాట్లాడుతున్నారు. ఆయన ఇటు తిరిగేసరికి పోచవ్వ నిచ్చెనెక్కి, చెంబెడు పాలు, కొబ్బరినీళ్ళు ట్యాంకులో పోసేసింది. కింద ఆడవాళ్ళంతా దండం పెడుతున్నారు.

కుర్రవాళ్ళు తల పట్టుకున్నారు. సారు మాత్రం నిచ్చెన దగ్గరికి వెళ్ళి, "దిగవ్వా, నెమ్మదిగా" అని చెయ్యి అందించారు.

"గంగమ్మకు పాలు వోస్తే తప్పేంది సారూ?"

"తప్పు కాదవ్వా. రేపటికి ఆ పాలు విరుగుతాయి. ఎల్లుండి నీ మనవరాలు తాగుతుంది."

పోచవ్వ ముఖం మాడిపోయింది. ఆ రోజే నీళ్ళన్నీ వదిలేశారు. వీధంతా నీళ్ళు పారుతుంటే కుక్కలు వచ్చి నాకాయి. మరుసటి ఆదివారం సారు మిగిలిన ఇటుకలతో ట్యాంకు పాదం దగ్గర చిన్న గూడు కట్టించారు. "మీ గంగమ్మ ఇక్కడుంటుంది. పాలైనా, పాయసమైనా ఇక్కడే" అన్నారు. దేవుణ్ణి నమ్మని మనిషి గూడు తూర్పుకు తిరిగి ఉందో లేదో నన్ను రెండుసార్లు అడిగారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ట్యాంకును నెలకోసారి లోపలికి దిగి కడగాలి. పసుపు రాసి మొక్కిన ట్యాంకులో కాలు పెట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. "గంగమ్మను తొక్కుతమా? కండ్లు వోతయి" అంది పోచవ్వ. మగవాళ్ళు నీళ్ళ పని ఆడవాళ్ళదన్నారు. కుర్ర ఇంజనీర్లు తామే కడుగుతామంటే సారు వద్దన్నారు. "మనం ఆదివారం మనుషులం. వీళ్ళకు నీళ్ళు రోజూ కావాలి. మనం రాకపోతే ఆగిపోయే పని మనం మొదలుపెట్టకూడదు."

ఇంటికి వస్తూ ఆటోలో నన్ను అడిగారు. "గర్భగుడిని ఎవరు కడుగుతారమ్మా?"

"పూజారి."

"గాల్లో నిలబడి కడుగుతాడా?"

"కాళ్ళు కడుక్కొని లోపలికి పోతడు సారూ."

ఆయన రోడ్డు వైపు తిరిగి నవ్వుకుంటున్నారు. తర్వాతి ఆదివారం నేను అదే మాట నా చిన్న గొంతుతో బస్తీ ఆడవాళ్ళకు చెప్పాను. చెప్పి, కాళ్ళు కడుక్కుని, గంగమ్మ గూడుకు మొక్కి, నిచ్చెనెక్కి ఖాళీ ట్యాంకులోకి దిగాను. లోపల చల్లగా, సిమెంటు వాసన. భయం వేసింది. పైన మూత దగ్గర పోచవ్వ ముఖం కనబడింది. "తప్పు కాయి తల్లీ, తప్పు కాయి" అనుకుంటూ ఆమె కూడా చీపురుతో దిగింది. ఆ రోజు నుంచి అమావాస్య ముందు రోజు ట్యాంకు కడగడం ఆ బస్తీలో ఒక నోములా అయింది. తలస్నానం చేసి, కాళ్ళు కడుక్కుని, బొట్టు పెట్టుకుని దిగుతారు.

ఆ మొదటిసారి కడిగాక సారు సంచిలోంచి కాగితంలో చుట్టిన తెల్ల సాసరు తీశారు. నడుమ చిన్న నీలి పువ్వు. పోయిన భార్య టీ సెట్టులో కప్పులన్నీ పగిలిపోయి అదొక్కటే మిగిలిందట. దాన్ని ట్యాంకు అడుగున, మూతకు సరిగ్గా కింద పెట్టించారు. "నిండాక పైనుంచి చూడండి. పువ్వు కనబడితే నీళ్ళు తేటగా ఉన్నట్టు. మసకగా ఉంటే తాగొద్దు, వదిలేసి మళ్ళీ కడగండి." కంటికి కనబడని మురికి కూడా ఉంటుందని, అందుకే బ్లీచింగ్ మందు కలపాలని చెప్పారు. పోచవ్వకు మాత్రం పువ్వే గుర్తు.

మొదట్లో ఆయనే ఎక్కి చూసేవారు. మోకాళ్ళు మొండికేశాక కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పైకి తలెత్తి అడిగేవారు: "పువ్వు కనబడుతోందా?" కనబడుతోందని నేను చెప్పేదాకా ఎవరినీ కుళాయి తిప్పనిచ్చేవారు కాదు. తిప్పాక మొదటి గ్లాసు పోచవ్వ మనవరాలు తెచ్చి ఇచ్చేది. తాగి, "మీ గంగమ్మ బాగా వడ్డించింది" అనేవారు.

ఆయన పోయిన వారానికే అమావాస్య వచ్చింది. ఎక్కడో రోడ్డు తవ్వారేమో, లైనులో మట్టినీళ్ళు వస్తున్నాయి. అమావాస్య ముందు రోజు నేను వెళ్ళేసరికి ట్యాంకు దగ్గర ఎవరూ లేరు. నిచ్చెనకు ఒక చీర చెంగు కట్టి ఉంది, ఎక్కకూడదన్న గుర్తుగా. ఆడవాళ్ళు ఇళ్ళలోనే కూర్చున్నారు.

"మాకు మైల ఉన్నది బిడ్డా" అంది పోచవ్వ. "సారు మా ఇంటి పెద్ద. పదకొండు రోజులు గాకుండ గంగమ్మల కాలు వెట్టొద్దు."

 ఆయన వాళ్ళకు రక్తసంబంధం కాదు, మైల లేదు అని నా నోటితో అనలేకపోయాను. ఆ మైల పట్టాలని నాకే ఉంది. మరోవైపు పిల్లలు అవే మసక నీళ్ళు బిందెలతో మోసుకుపోతున్నారు. ఆయన భయపడింది దీనికే. తను లేని రోజున ఈ పని ఆగిపోతుందనే. ఏమీ తోచక గంగమ్మ గూడు ముందు కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు. పోచవ్వ వచ్చి నా పక్కన కూర్చుంది. 

తర్వాత ఆమే అంది. "ఇంట్ల పెద్దమనిషి వోతే ఏం జేస్తం బిడ్డా?"

"ఇల్లు కడుగుతం అవ్వా."

"గది సారు ఇల్లే గద" అని ట్యాంకు వైపు చూసింది. లేచి, నిచ్చెనకు కట్టిన చెంగు విప్పింది. "ఓ పొల్లలారా, ఎంతసేపు కూసుంటరే! చీపుర్లు తేన్రి. సారు ఇల్లు కడగాలె."

అందరూ వచ్చారు. ఆ రోజు పాట లేదు. మూత తీసి గాలి ఆడనిచ్చారు, ఒకరు పైన కాపలా నిలబడ్డారు, ఆయన నేర్పినట్టే. అడుగున ఒండ్రు మట్టి ఎర్రగా పేరుకుని ఉంది. పోచవ్వ సాసరును తన కొంగుతో తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టింది. మొదట వచ్చిన మట్టినీళ్ళు వదిలేసి, లైను తేరుకున్నాక నింపారు.

నేను నిచ్చెనెక్కాను. కింద ప్లాస్టిక్ కుర్చీని ఎవరో ఎప్పటి చోటే వేశారు. మూత తీసి వంగాను. అంతా మసకగా ఉంది. ఆ మసక నీళ్ళదో, నా కళ్ళదో తెలియలేదు. ఒక్క చుక్క లోపల పడినా సారు ఊరుకోరు. పక్కకు తిరిగి, కొంగుతో కళ్ళు గట్టిగా ఒత్తుకున్నాను.

"పువ్వు కనబడ్తున్నదా?" కింది నుంచి పోచవ్వ అడిగింది.

మళ్ళీ వంగి చూశాను. నీళ్ళు ఇంకా కుదుటపడలేదు. నీలి పువ్వు చెదిరిపోతోంది, కలుస్తోంది, మళ్ళీ చెదిరిపోతోంది. కుళాయిల దగ్గర బిందెలు పట్టుకుని అందరూ తలలెత్తి నా వైపే చూస్తున్నారు. పువ్వు రేకులన్నీ ఒక్కచోటికి వచ్చి నిలిచేదాకా, నేను అలాగే వంగి చూస్తూ ఉన్నాను.