చేపకు ఎర్రనీళ్లు

బస్టాండు దగ్గరి లాడ్జిలో గదుల తాళాలిచ్చే పని నాది. వచ్చేవాళ్లంతా కొండకు పోయేవాళ్లు. ఒక్కరోజు ఉంటారు, మర్నాడు ఇంకో ఊరివాళ్లు. అందుకే నా కోతలకు ఎదురులేదు. మా ఇంట్లో తొట్టినిండా సముద్రం ఉందనీ, పౌర్ణమికి అది పోటెత్తి మెట్లమీదికి వస్తుందనీ చెబుతాను. నమ్మారో లేదో తేలేలోగా గది ఖాళీ చేసి వెళ్లిపోతారు.

అందులో తొట్టి మాత్రం నిజం. మేడమీద నేనుండే ఒంటిగదిలో మంచానికి ఎదురుగా ఉంటుంది. ఉప్పునీళ్ల తొట్టి. నారింజ రంగు ఒంటిమీద తెల్లపట్టీలున్న చేపలు రెండు ఉండేవి. వేసవిలో నేను డ్యూటీలో ఉండగా కరెంటు పోయి ఒకటి చచ్చిపోయింది. రెండోది మేత తగ్గించేసి, రాళ్ల మూల పట్టుకుని కదలడం మానేసింది. తోడు తేకపోతే ఇదీ దక్కదని చెన్నైలో చేపలమ్మే కొట్టతనికి ఫోన్ చేశాను.

కింద ఇంటి ఓనరు వాళ్లమ్మ ఉంటుంది. అవ్వా అని పిలుస్తాను. మోకాళ్ల నొప్పులు, మేడెక్కదు. మెట్లకింద ఎదురైతే రెండు మాటలు, అంతే. ఆ రెండింటిని నాలుగు చేద్దామని, మా చేపకు సంబంధం కుదిరిందనీ, పెళ్లికూతురు రేపు రేణిగుంటలో రైలు దిగుతుందనీ, ఆడపిల్లవాళ్లు శాకాహారులనీ చెప్పాను. అవ్వ నవ్వలేదు. ఎన్ని గంటలకు వస్తుందని అడిగింది.

మర్నాడు థర్మోకోల్ పెట్టెను ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. కొత్త చేపను నేరుగా తొట్టిలో వేయకూడదు. సంచిలో వచ్చిన నీళ్లతోనే చిన్న బకెట్లో దించి, తొట్టి నుంచి సన్నని గొట్టం వేలాడదీసి, దానికి ముడి వేసి, చుక్కచుక్కగా మన నీళ్లు కలపాలి. ఉప్పు తేడా దాని ఒంటికి తెలియనంత నిదానంగా, గంటకు పైగా. పక్కన కూర్చుని చుక్కలు చూస్తున్నాను.

ఒక్కో మెట్టుకూ ఆగుతూ అవ్వ వచ్చింది. చేతిలో పళ్లెం, అందులో పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్లు. మా వైపు కొత్తకోడలు గడప తొక్కేముందు ఆ నీళ్లతో దిష్టి తీసి, వాటితోనే నొసట బొట్టు పెడతారు. ముత్తయిదువలే తీయాలంటారు. అవ్వకు మొగుడు పోయి చాలా ఏళ్లయింది.

“మనుషుల పెండ్లిలో నన్నెవరు తియ్యనిస్తారప్పా,” అంది. “సేప ఏమంటాది.”

కుర్చీ జరిపాను. ఆ కుర్చీలో నేను కాక ఇంకొకరు కూర్చోవడం అదే మొదలు. బకెట్ మీద పళ్లెం మూడుసార్లు తిప్పింది. పెళ్లికొడుకు నెలరోజులుగా ఉపవాసమున్నాడని నేను కథ ఎత్తుకున్నాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే వేళ్లు పళ్లెంలో ముంచి బకెట్ మీదికి చాచింది.

“దీనికి నొసలు యాడుండాది?”

చేప నీళ్లలో సున్నం పడకూడదని నాకు తెలుసు. వద్దవ్వా అంటే సరిపోయేది. ఆ మాట ఆమె ఎన్ని పెళ్లిళ్లలో విన్నదో. పైగా వద్దంటే పళ్లెం తీసుకుని దిగిపోతుంది, గదిలో మళ్లీ నేనే.

“రెండు కండ్ల నడుమవ్వా,” అన్నాను.

ఆమె బొట్టు పెట్టి వెళ్లాక చేపను తొట్టిలో వదిలాను. పాతది రాళ్ల మూల వదిలి వచ్చి దాని చుట్టూ తిరిగింది. పొద్దున లేచేసరికి కొత్తది తొట్టి అడుగున ఇసుకమీద చచ్చి పడి ఉంది. సున్నమో, ప్రయాణమో నాకు తెలియదు. అల్లి చెప్పడం చేతకాక కాదు, నిజంగానే తెలియదు.

డ్యూటీకి దిగుతుంటే అవ్వ మెట్లకింద కాచుకుని ఉంది.

“కోడలు ఏం జేస్తా ఉండాదప్పా?”

“రాళ్ల సందులో దాక్కునుండాదవ్వా. సిగ్గు.”

“ఉండనీలే. సిగ్గు పోయినాక ఎక్కొచ్చి సూస్తా.”

వస్తే ఏం చెప్పాలా అని వారం రోజులు అల్లుకున్నాను. రాలేదు. పాతది మళ్లీ మూలకు చేరింది. చెన్నైకి ఇంకోసారి ఫోన్ చేయాలి. ఈసారి ఎవరికీ చెప్పకుండా తెచ్చి, గంటసేపు ఒక్కణ్ణే చుక్కలు చూస్తూ కూర్చోవాలి. అదే చేతకావడం లేదు.