మందు పూసిన దారం, బాపు పొట్ట

మా బాపు ముప్ఫై ఏళ్లు సిరిసిల్లలో సాంచాలు నడిపాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. దారం సంగతి వస్తే ఆయన ఎవరి మాటా వినడు. పెళ్లికి పోతే పెళ్లికొడుకు మొహం చూడకముందే అతని పంచె అంచు వేళ్ల మధ్య నలిపి చూసే మనిషి. అలాంటి మనిషికి పేగు మెలికపడి, కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో పొట్ట కోసి కుట్టాల్సి వచ్చింది.

ఆపరేషన్ అయిన రెండో రోజు డాక్టరమ్మ వచ్చి చెప్పింది. "లోపలి పొరలు కుట్టిన దారానికి క్రిములు పెరగకుండా మందు పూసి ఉంటది. అది మెల్లగ దానంతటదే కరిగిపోతది. పైన కుట్లు మాత్రం తర్వాత మేమే తీస్తం. పట్టీని ఎవ్వరూ ముట్టుకోవద్దు."

చివరి మాట బాపు చెవికి ఎక్కలేదు.

"మందు ఎట్ల పూస్తరు మేడం? మేము పడుగుకు గంజి పట్టించినట్టేనా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "దాదాపు గట్లనే" అంది. అలా అనకుండా ఉండాల్సింది.

కరిగిపోవడం మాత్రం బాపుకు నచ్చలేదు. "కరిగిపోయేదాన్ని దారం అంటరా? గసొంటిది నేనిస్తే సేటు నా మొహాన కొడుతుండె" అని మధ్యాహ్నం దాకా గొణిగాడు. సాయంత్రానికల్లా మనసు మార్చుకుని అదే దారానికి ప్రచారం మొదలుపెట్టాడు.

చూడటానికి వచ్చేవాళ్లంతా సాంచాలవాళ్లే. ఒక్కొక్కరికీ గంజి సంగతి చెప్పి, పట్టీ మూల ఎత్తి పై కుట్లు చూపించేవాడు. లోపలిది కనపడదు కాబట్టి పైది చూసి ఊహించుకోమనేవాడు. వాళ్లూ తక్కువ తినలేదు. ఒకాయన కళ్లజోడు సవరించుకుని, కుట్ల మధ్య దూరం సమానంగా లేదని తేల్చాడు. ఇంకొకాయన వేలితో తాకి చూసి, "ముడి మంచిగ పడ్డది" అన్నాడు. సిరిసిల్ల నుంచి బస్సు కడ్డీ పట్టుకుని వచ్చిన వేలు అది. నేను వద్దంటే బాపు, "మందు దారమే బిడ్డా, ఫికర్ లేదు" అనేవాడు. అవ్వకు, అంటే మా అమ్మకు, చెప్తానని బెదిరించాను గానీ ఆయన సంబరం చూసి చెప్పలేకపోయాను. ఆ తప్పు నాదే.

ఇదంతా అవ్వ అన్నానికో స్నానానికో పోయినప్పుడే జరిగేది. అవ్వ ఉన్నంతసేపూ తలుపు దగ్గర స్టూలు వేసుకుని, ఒళ్లో శానిటైజర్ సీసాతో కూర్చునేది. ఎవరొచ్చినా చేతులు చాపాల్సిందే. మా మేనత్త కొండగట్టు నుంచి అంజన్న సింధూరం తెచ్చి గాయం మీద జర పెడతానంటే, "నొసటికి పెట్టు వదినా, పొట్ట జోలికి పోకు" అంది. మేనత్త రెండు రోజులు అలిగింది.

అవ్వ భయానికి కారణం ఉంది. నా చిన్నప్పుడు ఆమెకూ కడుపు ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక గాయం చీము పట్టి మూడు నెలలు మంచం దిగలేదు. అన్నాళ్లూ నాకు జడ వేసింది బాపే, పోగులు బిగించినట్టు లాగి మరీ. అవ్వ చచ్చిపోతుందేమోనని నేను రోజూ భయపడ్డాను.

ఐదో రోజు పొద్దున పట్టీ కింది అంచు తడిసి కనిపించింది. అవ్వ సీసా పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కింద కూలబడింది. నేను డాక్టరమ్మ కోసం పరుగెత్తాను. బాపు మాత్రం ఫ్యానును పరీక్షగా చూస్తున్నాడు.

డాక్టరమ్మ పట్టీ విప్పి, చుట్టూ నొక్కి చూసింది. "చీము కాదు, ఉత్త నీరు. ఎరుపు లేదు, జ్వరం లేదు. ఆరిపోతది" అంది. మేము ఊపిరి తీసుకునేలోపే తీసిన పట్టీ మూలను వెలుగులో పెట్టి చూసింది. జిగురు పోయి, దానికి నూలు పీచు అంటుకుని ఉంది.

"ఇది ఎవరు విప్పిండ్రు?"

బాపు మళ్లీ ఫ్యాను వైపు చూశాడు.

"దారానికి మందు ఉన్నది పెద్దాయనా, మీ చుట్టాల వేళ్లకు లేదు. అన్నీ దారమే చూసుకోవాల్నంటే ఎట్ల?" అని కొత్త పట్టీ వేసి వెళ్లింది.

అవ్వ బాపు వైపు తిరిగింది. నేను తిట్ల కోసం ఎదురుచూశాను. ఈలోపు బాపే నోరు విప్పాడు.

"అప్పుడు నీ గాయం మీద పసుపు అద్దింది నేనే. నువ్వు పండుకున్నప్పుడు. జల్ది మానుతదనుకున్న. ఎవ్వరికి చెప్పలే."

ఇరవై ఏళ్లుగా ఆ చీముకు మేమంతా అప్పటి డాక్టర్‌నే తిడుతూ వచ్చాం. అందరికంటే గట్టిగా తిట్టింది బాపే.

అవ్వ లేచి సీసా తీసుకుని, ఆయన రెండు చేతుల్లోనూ పిండింది. ఆయన బుద్ధిగా రుద్దుకున్నాడు.

"నాకు అప్పుడే ఎరుకే" అంది అవ్వ. "లేచి చూస్తే చీరెకు పసుపు ఉండె. నిద్రల నేను పూసుకుంటనా? భయపడి చేసినవని ఊకున్న."

బాపు కళ్లు తుడుచుకోబోయాడు. అవ్వ శానిటైజర్ అంటిన ఆ చేతిని ఆపి, తన కొంగుతో తుడిచింది.

"ఈసారి ఊకోను. పట్టీ ముట్టినవంటే చేతులు కట్టేస్త. కరగని దారంతోని."