నెల తప్పిన నాటి లెక్క

మా చిన్నమ్మాయి సరిత దిల్‌సుఖ్‌నగర్‌లో మైకు ముందు మాట్లాడతానని విద్యార్థులకు మాటిచ్చింది. అందుకే ఈ ప్రయాణం. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులు. బంద్ లేని రోజు చూసుకుని నల్లగొండలో ఆరున్నర బస్సెక్కాం.

పక్క సీటులోని పెద్దామె జామకాయ కోసి సరితకు సగమిచ్చింది. "ఎంతమంది పిల్లలు బిడ్డా?" అనడిగింది. సరిత కిటికీ వైపు తిరిగింది.

"ఇంకా లేరమ్మా" అన్నాను నేనే. ఏడాదిగా ఈ ప్రశ్నకు ఆమె బదులు నేనే జవాబు చెబుతున్నాను.

నిరుడు సరిత కడుపుతో ఉంది. మా ఇళ్లలో లెక్క నెల తప్పిన నాటి నుంచి మొదలవుతుంది. ఆ లెక్కన నాలుగు నెలలు నిండాయని స్కానింగుకు తీసుకెళ్లాం. బిడ్డకు పుర్రె ఏర్పడలేదనీ, పుట్టినా బతకదనీ డాక్టరమ్మ చెప్పింది. తీసేయమని అడిగాం. ఆమె తల అడ్డంగా ఊపింది. చట్టం వారాల్లో లెక్కపెడుతుంది, అదీ చివరి బహిష్టు నుంచి, అంటే మా లెక్క కంటే నెల ముందు నుంచి. ఇరవై వారాలు దాటాయి కాబట్టి వీల్లేదంది. సరిత మిగిలిన నెలలన్నీ మోసింది. పాప ఒక్క పూట ఉంది.

ముందు రాస్తారోకో జరుగుతోందని బస్సును ఎల్‌బీ నగర్‌లోనే ఆపేశారు. ఇలాంటి రోజుల్లో వచ్చేవారు చిల్లర దగ్గరుంచుకోవడం మంచిది. షేర్ ఆటోకు మనిషికి పది రూపాయలు. "జర సర్దుకోండ్రి పెద్దసారూ" అంటూ డ్రైవరు మా మధ్య ఇంకొకర్ని ఇరికించాడు. సందుల్లోంచి తిప్పి దిల్‌సుఖ్‌నగర్‌లో దింపాడు. బండి మీద ఇడ్లీ తిన్నాం. సరిత ఒకటి తిని ప్లేటు పక్కన పెట్టింది.

చట్టం మార్చమని పార్లమెంటుకు అర్జీ రాసి సంతకాలు సేకరిస్తున్నది లా చదివే విద్యార్థులు. వాళ్లకు సొంత టెంటు లేదు. తెలంగాణ దీక్షా శిబిరం వాళ్లు గంటసేపు మైకు ఇస్తామన్నారు. తీరా వెళ్లాక శిబిరంలోని యువకుడొకడు అడ్డం పడ్డాడు.

"ముందుగాల తెలంగాణ రానియ్యి అక్కా. గీ ముచ్చట అటెన్క చూద్దాం."

"కడుపు తెలంగాణ ఒచ్చేదాంక ఆగుతదా తమ్మీ?" అంది విద్యార్థుల నాయకురాలు అనిత.

టెంటంతా నవ్వింది. అతనూ నవ్వి మైకు అందించాడు. సరిత మాత్రం నవ్వలేదు.

సరిత మైకులో నెలల సంగతి చెబుతుండగా, బట్టల సంచులతో నిలబడ్డ ఒక కోస్తా ఆవిడ అడ్డుతగిలింది. "లెక్క చూసుకోకపోవడమేంటమ్మా? చదువుకున్నదానివేగా?"

జవాబు చెప్పడానికి అలవాటుగా నేను లేచాను.

"నువ్వు కూసో బాపూ" అంది సరిత. తర్వాత ఆవిడ వైపే చూస్తూ చెప్పింది. "చదువుకున్ననమ్మా. నెల తప్పినంకనే కదా కడుపని తెలిసేది? తెల్వకముందటి దినాలు గూడ చట్టం లెక్కవెట్టింది. బతకదని తెలిసీ నాలుగు నెలలు మోసిన. గాజులామె వాకిట్ల నిలబడి శ్రీమంతం ఎప్పుడని అడుగుతుండె. ఏమని చెప్పాలె?"

ఆ కోస్తా ఆవిడ సంచులు కింద పెట్టి బల్ల దగ్గరికి వచ్చింది. "మేమూ అలాగే లెక్కేసుకుంటామమ్మా" అంటూ పెన్ను తీసుకుంది.

బయలుదేరేటప్పుడు అనితను అడిగాను, చట్టం మారుతుందా అని. "ఎప్పటికో తెల్వదు సార్. సంతకాలైతే పంపుతం" అంది.

సాయంత్రం ఎల్‌బీ నగర్‌లో తిరుగు బస్సు దొరికింది. రాస్తారోకో అయిపోయింది, రోడ్డంతా రాళ్లున్నాయి. ఆ రోజు నేను చూసిన నగరంలో అందరూ ఏదో ఒకటి రావాలని అడుగుతున్నవాళ్లే. మా అమ్మాయి అడిగింది వచ్చినా, అది ఆమెకు పనికొచ్చేది కాదు.

మా సీటులో కూర్చున్న పడుచు మూట సర్దుకోవడానికి తన పసిబిడ్డను సరిత ఒడిలో పెట్టింది. "నీకెంతమంది అక్కా?" అంది.

ఈసారి నేను నోరు మెదపలేదు.

"ఒక్క బిడ్డ" అంది సరిత. "ఒక్క పూటనే ఉండె."

ఆ పడుచు మూట ముడి వేయడం ఆపింది. అలాంటి మాట విన్నాక ఏ తల్లయినా తన బిడ్డను గబుక్కున వెనక్కి లాక్కుంటుందని నాకు భయం వేసింది. ఆమె పాప కాళ్ల మీద తువ్వాలు సవరించి, మళ్లీ మూట కట్టుకోసాగింది.

చౌటుప్పల్ దాకా పాప సరిత ఒడిలోనే నిద్రపోయింది.